లింగస్వామి తీసిన పందొమ్మిది సెకన్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులోకి తిరిగితే, ఇడ్లీ బండి పక్కనే సెల్లార్‌లోకి పదకొండు మెట్లు దిగుతాయి. కింద ‘చెర్వుగట్టు డిజిటల్స్’. యజమాని, కెమెరామన్, ఎడిటర్, ఊడ్చేవాడు అన్నీ లింగస్వామే. నార్కట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి తొంభై ఏడులో పట్నం వచ్చాడు. పద్నాలుగేళ్లలో పదకొండు వందల పెళ్లిళ్లు తీశాడు. వాటిలో ఎన్ని నిలబడ్డాయో తెలియదు కానీ డీవీడీల మీద మాత్రం ఒక్క గీతా పడలేదని చెప్పుకునేవాడు.

పెళ్లి వీడియోలో కళకు చోటు తక్కువ, హాజరుపట్టీకి ఎక్కువ. పెళ్లికూతురు కంటతడి పెట్టుకున్న క్షణం తప్పిపోయినా ఎవరూ అడగరు. పెద్ద మేనమామ తప్పిపోతే మాత్రం ఊరుకోరు. సరూర్‌నగర్ పెళ్లి ఒకదానిలో సరిగ్గా అదే జరిగింది. డీవీడీలో తాను లేనని తెలిసిన మేనమామ, అయితే పెళ్లికి నేను రానట్టే లెక్క అని, చదివించిన కుక్కర్ వెనక్కి తెప్పించుకున్నాడు. ఆనాటి నుంచి లింగస్వామి కెమెరా ఒక్క మొహాన్నీ వదల్లేదు. చెప్పులు వెతుక్కునేవాళ్లని, వేరే పెళ్లికి వచ్చి దారి తప్పినవాళ్లని కూడా తీశాడు.

ఇన్ని తీసినా తెర మీద తన పేరు ఎన్నడూ చూసుకోలేదు. వధూవరుల పేర్లు పడతాయి, తల్లిదండ్రులవి పడతాయి, ఆశీర్వదించిన ఎమ్మెల్యేది ఇంకొంచెం పెద్దగా పడుతుంది. లింగస్వామికి మిగిలేది మూలన ఫోన్ నంబరు. ఒకసారి భార్య అరుణజ్యోతి, టీవీలో సినిమా పేర్లు పడుతుంటే, “గిన్ని తీస్తివి, నీ పేరు యాడుంది?” అంది. కూర తాలింపు వేస్తూ అన్న మాట. ఆమె మరిచిపోయింది కానీ లింగస్వామి మరిచిపోలేదు. ‘ఛాయాగ్రహణం: లింగస్వామి’ అని ఒక్కసారి ఏదో ఒక తెర మీద పడాలని అప్పట్నుంచి అతని కోరిక. నలభై మూడేళ్ల మనిషికి ఇది కొంచెం నామోషీ కోరిక కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

2011 సెప్టెంబరులో అవకాశం మెట్లు దిగి వచ్చింది. భాద్రపదం, ముహూర్తాల్లేవు. పైన సకల జనుల సమ్మె. బస్సులు డిపోల్లో, పిల్లలు ఇళ్లలో, కరెంటు ఎక్కడో ఉంది. లింగస్వామి కొత్తగా కొన్న డీఎస్సెల్లార్ కెమెరాను గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. వచ్చినవాడు గౌతమ్. తుర్కయంజాల్ దాటాక ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం. తండ్రి బాపిరాజు భీమవరం వైపు నుంచి వచ్చి కొత్తపేటలో బాత్‌రూమ్ టైల్స్ షాపు పెట్టుకున్నాడు. కొడుకు మాత్రం నల్ల టీషర్టు వేసుకుని దర్శకుడినని చెప్పుకుంటున్నాడు.

“కెమెరా కిరాయికి ఇస్తారా అంకుల్?”

“దేనికి?”

“కాలేజీ ఫెస్టులో ట్రైలర్ పోటీ. సైకలాజికల్ థ్రిల్లర్ తీస్తున్నాను.”

“సిన్మా అయిపోయిందా?”

“సినిమా లేదంకుల్. ట్రైలరే.”

లింగస్వామికి పెళ్లి లేకుండా రిసెప్షన్ చేస్తామన్నట్టు వినిపించింది. అయినా అడిగాడు. “దయ్యం కతనా?”

“దయ్యం ఉండదు. అంతా ఆ అమ్మాయి మైండ్‌లోనే జరుగుతుంది.”

“మైండ్ల ఉన్నదాన్ని కెమెరాల ఎట్ల తీస్తవ్?”

గౌతమ్ కథ చెప్పాడు. హాస్టల్లో ఉండి పరీక్షలకు చదివే అమ్మాయికి ఒక పొద్దున లేచేసరికి తాను ఎవరికీ కనబడడం లేదని అనుమానం వస్తుంది. రోడ్డు మీదికి పరిగెత్తుతుంది. నగరంలో ఒక్కరూ ఉండరు. ఖాళీ హైవే మీద ఆమె ఒక్కతే. పేరు ‘శూన్యాక్షి’.

“గిదెవల పేరు? మీ అమ్మమ్మదా?”

“ఖాళీ చూపు గల అమ్మాయి అని అర్థం అంకుల్.”

లింగస్వామి కెమెరాను పెట్టెలో పెట్టాడు. “కెమెరా ఒక్కటి ఇయ్య. దాంతోని నేనొస్త. పైసలు వద్దు. పేరు పడాలె. ఛాయాగ్రహణం లింగస్వామి అని.”

“సినిమాటోగ్రఫీ అని ఇంగ్లీషులో వేస్తే...”

“మా ఇంటామె తెలుగే సదువుతది.”

గౌతమ్ అతని చేతిలో చెయ్యి వేశాడు. అప్పుడు నిజంగానే వేశాడు.

హాస్టల్ గది సీన్లు స్టూడియోలోనే తీశారు. గోడకున్న మంచు కొండల పరదా చుట్టేసి, కింద పాత పరుపు పరిచారు. శూన్యాక్షిగా గౌతమ్ క్లాస్‌మేట్ మృదుల. నాగోల్ అమ్మాయి, మాట కరుకు. ఆమె మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కెమెరా వైపు భయంగా చూడాలి. చూసింది. బాగా చూసింది.

“జర నవ్వు బిడ్డా,” అన్నాడు లింగస్వామి.

“కట్!” అన్నాడు గౌతమ్. “నవ్వమంటారేంటంకుల్?”

“అలవాటు.”

రెండో టేకులో ఆమె ఏడుస్తూ లేవగానే కెమెరా మెల్లగా పైకి వెళ్లి ఫ్యాను మీద ఆగింది. పెళ్లి వీడియోలో ఒక తంతు ముగిసిందంటే ఫ్యాను చూపించాలి. మూడో టేకులో అద్దంలో ఆమె మొహం తీసి, పక్కనే గోడకున్న వినాయకుడి క్యాలెండరునూ తీశాడు. “మీ థ్రిల్లర్‌కి సత్యనారాయణ వ్రతం ఒక్కటే తక్కువ,” అంది మృదుల. అయినా రెండు రోజుల్లో గది సీన్లు ఒక దారికొచ్చాయి. మిగిలింది ఖాళీ హైవే షాట్. గౌతమ్ దృష్టిలో ట్రైలర్ అంటే ఆ షాటే.

వాడి ప్లాను కాగితం మీద ఇలా ఉంది: ‘బంద్ రోజు. ఎల్బీనగర్ హైవే. మధ్యాహ్నం. ఎవరూ ఉండరు.’ లింగస్వామి కాగితం రెండుసార్లు చదివాడు.

“బంద్ నాడా?”

“అవునంకుల్. ఖాళీగా ఉంటుంది కదా.”

“బండ్లయితే ఉండయ్,” అన్నాడు లింగస్వామి.

అంతకంటే చెప్పలేదు. చెబితే పిల్లవాడు షూటింగ్ మానేస్తాడు. షూటింగ్ లేకపోతే పేరు లేదు. పదకొండు వందల పెళ్లిళ్లలో సర్దుకున్నవాణ్ని, అక్కడికెళ్లాక ఏదో ఒకటి సర్దుకుంటుందిలే అనుకున్నాడు.

బంద్ అంటే గౌతమ్‌కి తెలిసినది ఒక్కటే. పొద్దున్నే వాళ్ల నాన్న గేటుకి తాళం వేసి, షాపు బోర్డు మీద గోనెపట్టా కప్పి వచ్చి, టీవీ ముందు కూర్చుంటాడు. బాల్కనీలోంచి చూస్తే కాలనీ రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. పుట్టినప్పటి నుంచి చూసిన బంద్‌లన్నీ అవే. హైవే కూడా అలాగే ఉంటుందని వాడి నమ్మకం.

ఆ గురువారం పదకొండింటికి ముగ్గురూ నడుచుకుంటూ ఎల్బీనగర్ చేరారు. విజయవాడ హైవే మీద నిజంగానే ఒక్క బండి లేదు. బండ్లు ఉండాల్సిన చోట రాళ్ల పొయ్యిలున్నాయి, పొయ్యిల మీద గుండిగలున్నాయి, గుండిగల చుట్టూ నాలుగైదు వందల మంది ఉన్నారు. వంటావార్పు. డివైడర్ మీద కూర్చుని ఆడవాళ్లు వంకాయలు కోస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి. ఒక లాయరు నల్లకోటుతోనే ఉల్లిగడ్డలు తరుగుతూ ఏడుస్తున్నాడు.

గౌతమ్ ప్లాను కాగితం తీసి మళ్లీ చూశాడు. “ఎవరూ ఉండరన్నారుగా అంకుల్!”

“నేనన్లే. నువ్వన్నవ్. నేను బండ్లుండయన్న.”

“అంటే మీకు ముందే తెలుసా?”

“బంద్ అంటే జనం ఇంట్ల పంటరని నీకెవలు జెప్పిన్రు?”

“మా ఇంట్లో అంతే కదా!”

మృదుల పగలబడి నవ్వింది. కళ్ల కింద నల్లగా కాటుక పూసుకుని, జుట్టు విరబోసుకుని, తెల్ల చుడీదార్‌లో ఉందేమో, ఆ నవ్వుకు పక్కనే వంకాయలు కోస్తున్న రాములమ్మ అనే పెద్దావిడ కత్తిపీట వదిలి లేచింది.

“ఏమైంది బిడ్డా? ఎవడన్న గొట్టిండా?” అంటూనే చీర కొంగు తడిపి ఆమె కళ్లు తుడిచేసింది. ముప్పావుగంట మేకప్ నాలుగు తుడుపుల్లో పోయింది. “గిట్ల జుట్టిరబోస్కొని వంటకాడికి రావొద్దు” అని జడ కూడా అల్లేసింది. శూన్యాక్షి క్షణంలో స్కూలు పిల్ల అయిపోయింది.

“కొట్టలేదు పెద్దమ్మా, యాక్టింగు,” అంది మృదుల, జడ విప్పుకుంటూ.

“యాక్టింగా? ఏ ఛానల్?” వెనక నుంచి గొంతు. కాలనీ జేఏసీ కన్వీనర్ జానయ్య. ఆటో యూనియన్ మనిషి. మెడలో గులాబీ కండువా, చేతిలో పెద్ద గరిటె. గౌతమ్‌ని ఎగాదిగా చూశాడు. “ఏ ఊరు తమ్మీ మీది?”

“కొత్తపేటండి.”

“అండి అంటున్నవ్. అంతకు ముందు ఏ ఊరు?”

లింగస్వామి ముందుకొచ్చాడు. “జానయ్యన్నా, నేను నార్కట్‌పల్లి లింగస్వామిని. మీ తమ్ముని పెండ్లి నేనే తీసిన, యాదికున్నదా? పిలగాండ్లు కాలేజీ కోసం చిన్న ముక్క తీస్తున్నరు. మీ వంటావార్పు మొత్తం తీసి డీవీడీ ఇస్త. ఒక్క మనిషిని గూడ వదల.”

జానయ్యకు తమ్ముడి పెళ్లి గుర్తొచ్చింది. అందులో తాను ఏడుసార్లు కనబడ్డాడు. “సరే తియ్. మొఖాలు మంచిగ రావాలె. సుట్టాలకు పంపుతం.”

అనుమతి వచ్చింది కానీ కథ పోయింది. గౌతమ్ డివైడర్ మీద కూలబడి ఒక గంట ఆలోచించి, కథను తిప్పాడు. నగరం ఖాళీ కాదు, నిండా జనం ఉన్నారు, కానీ ఒక్కరూ ఆమెను చూడరు. వింటే బాగానే ఉంది. తీయడమే కుదరడం లేదు. మృదుల జనంలోంచి నడవడం మొదలుపెట్టగానే నాలుగు వందల మొహాలూ కెమెరాలోకి తిరుగుతాయి. కొందరు చెయ్యి ఊపుతారు. కొందరు పిడికిలి ఎత్తి “జై తెలంగాణ” అంటారు. లాయరు కోటు సర్దుకుంటాడు. రెండో టేకు, ఐదో టేకు, తొమ్మిదో టేకు.

“ప్లీజ్, ఎవరూ చూడొద్దు!” అని అరిచాడు గౌతమ్. అంతవరకు చూడనివాళ్లు కూడా చూశారు.

“ఇంతమంది నన్ను చూడ్డం నా జన్మలో మొదటిసారి,” అంది మృదుల. “శూన్యాక్షికి అన్యాయం జరిగిపోతోంది.”

పదకొండో టేకు తర్వాత గౌతమ్ కాగితాలు మడిచాడు. “వదిలేద్దాం అంకుల్. ఈ షాట్ లేకపోతే ట్రైలర్ లేదు. శనివారం ఆఖరి రోజు. పోటీకి పంపను.”

లింగస్వామి లోపల లెక్క వేసుకున్నాడు. పంపకపోతే పేరు పడే తెరే లేదు. తప్పు సగం తనది కూడా. బంద్ నాడు జనం ఉంటారని ముందే చెప్పి ఉంటే ఏ ఆదివారం పొద్దున్నో ఏదో సందు వెతుక్కునేవాళ్లు. కెమెరా మెడలో వేలాడేసుకుని నిలబడ్డాడు.

ఎదురుగా తారు రోడ్డు మీద పట్టాలు పరుస్తున్నారు. జనం బంతులుగా కూర్చున్నారు. విస్తళ్లు పడ్డాయి. అన్నం, పప్పు, వంకాయ కూర పడ్డాయి. ఒకతను పెద్ద ముద్ద నోటి దగ్గర పెట్టుకోబోతూ లింగస్వామి మెడలో కెమెరాను చూశాడు. చప్పున తల దించేసి విస్తరిలోకి చూస్తూ మింగాడు.

లింగస్వామి పద్నాలుగేళ్లుగా తిట్టుకున్న దృశ్యం అది. పెళ్లిలో ఎక్కడైనా మొహం ఇస్తారు కానీ బంతిలో ఇవ్వరు. వీడియో లైటు వస్తోందంటే చాలు, ఈ చివర నుంచి ఆ చివర దాకా తలలన్నీ వంగుతాయి. నోట్లో ముద్దతో డీవీడీలో చిక్కడం ఎవరికీ ఇష్టం లేదు. ఎన్నో పెళ్లిళ్లలో బతిమాలాడు, “సార్ జర ఇటు జూడున్రి” అని. ఎవరూ చూడలేదు.

సంచిలోంచి బ్యాటరీ లైటు తీసి గౌతమ్ చేతిలో పెట్టాడు. “ఎత్తి పట్టుకో.”

“మిట్టమధ్యాహ్నం లైటెందుకంకుల్?”

“బొమ్మకు గాదు, వాళ్లకు. నువ్వు నోరు మూస్కొని నా ఎనుక నడువు. మృదులా, నువ్వు రెండు బంతుల నడుమ నుంచి రా. ఎవల మొఖం జూడకు.”

దర్శకుడు లైటు పట్టుకున్నాడు. లింగస్వామి వెనక్కి నడుస్తూ తీశాడు. పెళ్లిళ్లలో పెళ్లికొడుకు ఊరేగింపు ముందు వెనక్కి నడిచిన కాళ్లు, తడబడలేదు. లైటు దగ్గరికొచ్చేకొద్దీ తలలు ఒకటొకటిగా వంగాయి. అటు నూట యాభై, ఇటు నూట యాభై. డప్పులవాళ్లు కూడా తిండికి కూర్చున్నారేమో, చప్పుడు లేదు. నడుమ మృదుల, మళ్లీ పూసుకున్న కాటుకతో, మనిషి మనిషినీ దాటుకుంటూ వచ్చింది. ఒక్కరూ తలెత్తలేదు. ఆమె మొహంలోకి నిజంగానే ఏదో బెదురు వచ్చింది. పందొమ్మిది సెకన్లు. చివరికి వడ్డించే ఆవిడ “తిన్నవా బిడ్డా?” అనడంతో ఆగింది.

గౌతమ్ లైటు దించడం మరిచిపోయి నిలబడ్డాడు. లింగస్వామి ఫ్యాను వైపు పోబోయిన చేతిని ఆపుకున్నాడు. పైన ఫ్యాను కూడా లేదు.

ఆ తర్వాత మాట ప్రకారం సాయంత్రం దాకా వంటావార్పు మొత్తం తీశాడు, ఒక్క మొహం వదలకుండా.

శుక్రవారం ఎడిటింగ్. రెండు నిమిషాల ట్రైలర్ చివర ‘ఛాయాగ్రహణం: లింగస్వామి’ అని వేసుకున్నాడు. అతని సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవి పెళ్లి అక్షరాలే. బంగారు రంగులో గుండ్రంగా తిరుగుతూ వచ్చి నిలబడతాయి, పైన గులాబీ రేకులు రాలతాయి. రేకులు మాత్రం తీసేశాడు. ఎనిమిదిసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాడు.

శనివారం పొద్దున గౌతమ్, మృదుల వచ్చారు. గౌతమ్ చేతిలో పోటీ నిబంధనల కాగితం. వాడు దాన్ని ఇవ్వలేదు, బల్ల మీద పెట్టి నేల వైపు చూశాడు.

“ఏడో రూలు అంకుల్. టీమంతా కాలేజీ స్టూడెంట్లే ఉండాలి. బయటివాళ్ల పేరుంటే తీసేస్తారు.”

“గిది ముందు సదవలేదా?”

“చదవలేదు.”

“చదివాడు,” అంది మృదుల. “చదివి చెప్పలేదు. మీరు బంద్ సంగతి చెప్పనట్టే.”

లింగస్వామికి తిట్టాలనిపించింది. కానీ ఆ ముక్క తర్వాత తిట్టడానికి నోరు రాలేదు.

“థ్యాంక్స్ లిస్టులో వేస్తానంకుల్. చిన్నగా.”

“అండ్ల ఎవలెవలున్నరు?”

“ఇడ్లీ బండాయన, మా నాన్న...”

“వద్దు. పోయి చాయ్ తాగి రాపోండ్రి.”

వాళ్లు వెళ్లాక కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఫైలు తన దగ్గరే ఉంది. ఇవ్వనంటే చేసేదేమీ లేదు. ఇవ్వకపోతే ఆ పందొమ్మిది సెకన్లు ఈ సెల్లార్‌లో తానొక్కడే చూసుకోవాలి. ఇంకోసారి చూశాడు. తర్వాత పేరును ఎంచుకుని కోసేశాడు. కరెంటు పోయిన ముక్కల్నీ, అలిగిన అల్లుళ్లనీ పద్నాలుగేళ్లు కోసిన చెయ్యి, పెద్దగా ఇబ్బంది పడలేదు. ఆ ఖాళీలో గౌతమ్ తన పేరు పెట్టుకున్నాడు, ఇంగ్లీషులో.

పేరు పోతే పోయిందని, ఆ షాట్‌ను వంటావార్పు డీవీడీలో పెట్టి కింద బంగారు అక్షరాల పేరు వేశాడు. దసరా ముందు జేఏసీ దీక్షా శిబిరంలో తెర కట్టి చూపిస్తామన్నారు. అరుణజ్యోతిని తీసుకెళ్లాలని కూడా అనుకున్నాడు. ముందుగా జానయ్య సెల్లార్‌కి వచ్చి చూశాడు. గంటన్నర బాగానే చూశాడు. బంతి షాట్ దగ్గర కుర్చీలోంచి లేచాడు.

“గిదేంది? అందరు తల దించుకున్నరు?”

“సినిమా షాట్ అన్నా. మంచిగొచ్చింది.”

“ఏం మంచి? ఉద్యమంల తల దించుకునుడేంది లింగన్నా? రేపు ఎవడన్న జూస్తే ఓడిపోయినమంటడు. నా మొఖమేది? మూడో మనిషిని నేనే గదా? బట్టతల కనబడ్తున్నది గంతే! తీసెయ్.”

“పేరు?”

“పేరు ఉండనియ్. నీ పేరుతోని మాకేం పంచాది?”

ఆ షాట్ తీసేశాక శిబిరంలో చూపించారు. తెర మీద పేరు తిరుగుతూ వచ్చింది, జనం వాళ్ల మొహాలు చూసుకుని ఈలలు వేశారు. అరుణజ్యోతి చదివి, “మంచిగుంది. గా వంకాయలు కోసే ఆమె చీర యాడ కొన్నదో అడుగు,” అంది. పేరు తెర మీద పడింది. కానీ దాని ముందు ఉన్నది ఎప్పటి హాజరుపట్టీయే.

కాలేజీ ఫెస్టు సమ్మె ముగిశాక జరిగింది. శూన్యాక్షికి రెండో బహుమతి. మూడు వందల మంది జూనియర్ ఆర్టిస్టులతో ఆ షాట్ ఎలా చేయించావని జడ్జి అడిగితే, రెండు రోజులు రిహార్సల్ చేయించానని గౌతమ్ స్టేజీ మీద చెప్పాడట. ఈ సంగతి మృదులే వచ్చి చెప్పింది. “వాడు డైరెక్టర్ అయిపోతాడండి. లక్షణాలన్నీ ఉన్నాయి,” అంది.

ఆ రోజే లింగస్వామి పెళ్లివాళ్లకు చూపించే సాంపుల్ డీవీడీ బయటికి తీశాడు. తలంబ్రాలకీ అప్పగింతలకీ మధ్య పందొమ్మిది సెకన్లు పెట్టాడు. కింద ‘ఛాయాగ్రహణం: లింగస్వామి’. షాట్, పేరు, రెండూ ఒకే చోట.

“పిచ్చి లేసిందా? పెండ్లోళ్లు జడుసుకుంటరు,” అంది అరుణజ్యోతి. జడుసుకున్నారు కూడా. మొదట వచ్చినవాళ్లు మళ్లీ వస్తామని చెప్పి రాలేదు. రెండోవాళ్లు ఇది తద్దినం వీడియోనా అని అడిగారు. లింగస్వామి తీసెయ్యలేదు.

కార్తీకంలో మీర్‌పేట నుంచి వేదవతి, రామారావు దంపతులు వచ్చారు. కూతురి పెళ్లి. తెనాలి వైపు వాళ్లు. వేదవతి సాంపుల్ మొత్తం చూసింది. బంతి షాట్ రాగానే కళ్లజోడు పైకి జరుపుకుంది.

“ఇదెవరి పెళ్లండీ?”

“పెండ్లి గాదమ్మా. సిన్మా కోసం తీసిన.”

“కింద పేరు?”

“నాదే.”

“ఇంకోసారి వెయ్యండి.”

వేశాడు. ఆమె తెర దగ్గరికి వంగి చూసింది. పందొమ్మిది సెకన్లూ రెప్ప వేయకుండా చూసింది. లింగస్వామి తెర వదిలి ఆమె మొహం చూశాడు.

“ఏవండీ, చూశారా?” అంది భర్తతో. “ఒక్క మొహం పడలేదు. ఎంత పద్ధతిగా తీశాడో! పెద్దాడి పెళ్లిలో మీ అక్కయ్య నోట్లో లడ్డూతో పడిందని ఇప్పటికీ నన్ను సాధిస్తోంది కదా.” తర్వాత లింగస్వామి వైపు తిరిగింది. “మా భోజనాలు కూడా అచ్చం ఇట్టాగే తీయాలి. తీస్తారా?”

లింగస్వామి సాంపుల్ ఆపాడు. డైరీ తెరిచి తేదీ కింద రాసుకున్నాడు: ‘మీర్‌పేట. భోజనాలు తలలు దించి. లైటు మరవద్దు.’